వీడియో కాల్ ఉద్యోగం కోసం బీఏఎస్‌ఎల్‌పీ చేరాలా?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ. నీట్‌లో సీటు వచ్చేలా లేదు. బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యలను పరీక్షించి చికిత్స చేయడం నేర్పే డిగ్రీ) చదివితే పక్షవాతం వచ్చినవాళ్ల మాటను ఇంటి నుంచే వీడియో కాల్‌లో పరీక్షించే ఉద్యోగాలు ఉంటాయంటున్నారు. అందుకు నాలుగేళ్లు ఎందుకు, ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చాలదా? రెండింటిలో ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సర్టిఫికెట్ చాలదు. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ లేకుండా ఈ ప్రాక్టీస్ చేయడం 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం నేరం. పోలిక అక్కడితో అయిపోయింది. మీ అసలు టెన్షన్ అమ్మాయిని ఊరు దాటి పంపడం గురించే అనిపిస్తోంది.

దూరం నుంచి స్క్రీనింగ్ (సమస్య ఉందేమో చూసే తొలి పరీక్ష) మంచి పనే. స్పీచ్ థెరపిస్టు లేని ఊళ్లో మాట పడిపోయిన మనిషిని త్వరగా గుర్తించవచ్చు. కానీ దాన్నే పూర్తి కెరీర్‌గా చూపిస్తుంటే నాకు అనుమానమే. బొమ్మ చూపించి పేరు అడుగుతాం. పక్కనున్న కొడుకు ఆత్రంగా తనే అందిస్తాడు. ఎడమవైపు మెదడు దెబ్బతింటే కొందరికి కుడివైపు చూపు కూడా పోతుంది, స్క్రీన్‌లో ఆ సగం కనబడదు. పెద్దాయన పలకలేదంటే భాష పోయిందా, వినబడలేదా, నెట్ ఆగిందా? నాలుక, పెదవుల కండరాలు బలహీనపడి మాట ముద్దగా రావడం వేరు, పదమే గుర్తురాకపోవడం వేరు. ఈ తేడా మంచం పక్కన కూర్చుని ఎంతోమంది రోగులను చూస్తేనే పట్టుబడుతుంది. పైగా స్క్రీనింగ్ చెప్పేది 'పూర్తి పరీక్ష అవసరం' అన్నంతవరకే. ఆ పరీక్ష, ఆ తర్వాత నెలల తరబడి థెరపీ చేయాల్సింది శిక్షణ పొందిన థెరపిస్టే.

అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. మీ భయానికి తగ్గట్టు ఆమె చదువును కుదించకండి. ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఆమె ఆసుపత్రుల్లో, క్లినిక్‌లలో తిరగాలి. అది తప్పించుకోవాల్సిన కష్టం కాదు, ఆమె నేర్చుకునేదే అక్కడ. ఇంత రాశారు గానీ, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క వాక్యం కూడా లేదేం?

భయపడకండి. మెడికల్ సీటు రాకపోతే దారి మూసుకుపోలేదు. మైసూరులో 1965 నుంచి ఉన్న 'ఐష్' (అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ) ఈ రంగానికి పేరున్న సంస్థ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి లోపాలపై పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ పనిలో తెలుగు బాగా రావడం పెద్ద బలం. రోగిని అతని ఇంటి భాషలోనే పరీక్షించాలి కదా. పిల్లలతో, వినికిడి సమస్యలున్నవాళ్లతో కూడా పని ఉంటుంది. అనుభవం వచ్చాక వీడియో సెషన్లు ఎలాగూ చేయవచ్చు.

ముందు అమ్మాయిని అనుమతి తీసుకుని ఏదైనా స్పీచ్ థెరపీ విభాగానికి తీసుకెళ్లండి. ఒక పూట చూడనివ్వండి, ఆమె ఏమంటుందో వినండి. నచ్చిందంటే, ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి ఆర్‌సీఐ అనుమతి ఉందో లేదో వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి.