నేషనల్స్‌కు వెళ్తున్న అమ్మాయికి, మందుల సంగతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నాలుగు వందల మీటర్లకు ఎంపికయ్యావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. పరుగు సంగతి మీ సార్ చూసుకుంటారు, నేను మందుల గురించి రాస్తున్నాను.

డోపింగ్ అంటే అందరికీ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో స్టానజొలాల్ అనే స్టెరాయిడ్ వాడి దొరికిపోయిన పరుగు వీరుడు బెన్ జాన్సన్ గుర్తొస్తాడు. తెలిసి చేసే ఆ మోసం జోలికి నువ్వు పోవు. నా భయమంతా మన ఇళ్లలోని అలవాట్ల గురించే. కాస్త నీరసం అంటే చాలు, మీ అమ్మ ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి సెలైన్ పెట్టిస్తుంది. పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి నరంలోకి ఏది ఎక్కించినా నిషేధమే, ఉత్త ఉప్పునీరైనా సరే. గోడ మేకుకు తగిలించే ఆ సీసాలో అర లీటరు ఉంటుంది! ఆసుపత్రి చికిత్సకు, ఆపరేషన్‌కు మినహాయింపు ఉంది కానీ నీరసానికి లేదు. మీ అమ్మతో నేనే మాట్లాడతాను.

దగ్గు మందూ అంతే. క్రికెటర్ పృథ్వీ షా మీద 2019లో ఎనిమిది నెలల నిషేధం పడింది టెర్బుటలిన్ వల్ల. మందుల షాపులో అడగగానే ఇచ్చే దగ్గు సిరప్‌లు చాలావాటిలో అది ఉంటుంది. సీసా వెనక సన్న అక్షరాలు చదవకుండా చెంచాలో పోసుకోవద్దు. నీకు డోప్ పరీక్షలు ఉంటాయని డాక్టరుకు ముందే చెప్పు. నిషేధిత మందు తప్పనిసరైతే డోపింగ్‌ను అరికట్టే జాతీయ సంస్థ నాడాకు ముందుగా దరఖాస్తు చేసుకోవాలి.

ఇక బలానికని తాగే పొడుల డబ్బాలు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 4x400 రిలే స్వర్ణం గెలిచిన మన నలుగురు అమ్మాయిల్లో ముగ్గురు మరుసటి ఏడాది స్టెరాయిడ్‌లతో పట్టుబడ్డారు. కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ అనే మూలిక మందు వల్లే అన్నారు. ముందు ఏడాది నిషేధం వేశారు, అప్పీలులో అది రెండేళ్లయింది. ఒంట్లో దొరికితే బాధ్యత నీదే, ఎవరిచ్చినా సరే. గురువు మాట కాదనకూడదని నీకు నేర్పింది నేనే. ఈ ఒక్క విషయంలో మాత్రం కాదను. “సార్, డబ్బా ఒకసారి చూపిస్తారా?” అని అడుగు. చిరాకు పడితే పడనీ.

పరీక్షకు పిలిస్తే కంగారు పడకు. మూత్రం కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. ఒక మహిళా అధికారి ఎదురుగా నిలబడి చూస్తుంది. ఇబ్బందే, కానీ పద్ధతి అది. నీకు పద్దెనిమిది నిండలేదు కనుక పెద్దవాళ్లెవరినైనా వెంట ఉండమను. సీల్ ఉన్న నీళ్ల సీసానే తీసుకో. కిట్ నువ్వే ఎంచుకో, మూత్రం పోసే ఏ, బీ సీసాల మూతలు నువ్వే బిగించు. గత ఏడు రోజుల్లో వాడినవన్నీ, తలనొప్పి మాత్రతో సహా, ఫారంలో రాయి.

ఇప్పుడు వాడుతున్న మందులు, పొడుల లేబుళ్లు రెండు వైపులా ఫొటోలు తీసి ఆదివారంలోగా పంపు. లేబుల్ లేని చూర్ణాలుంటే ఫొటో కూడా వద్దు, ఈ రోజే పారెయ్.

ఇట్లు,
మీ పెదనాన్న