టెక్ సందేహాలు: బూట్ మెనూ కోసం తాళం తీసేయకండి

రాజాం నుంచి ఇంజినీరింగ్ చదువుతున్న ఒక విద్యార్థి రాశారు: "విండోస్ 11 ఉన్న లాప్‌టాప్‌లో పక్కనే ఉబుంటు వేసుకున్నాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. మొన్న విండోస్ అప్‌డేట్ అయ్యాక గ్రబ్ మెనూ రావడం లేదు, నేరుగా విండోసే వచ్చేస్తోంది. వీడియోలో సెక్యూర్ బూట్, బిట్‌లాకర్ రెండూ ఆఫ్ చేసి గ్రబ్ మళ్లీ ఎక్కించుకోమన్నారు. చేసేయమంటారా?"

వద్దు. కొత్తవాళ్ల కోసం ముందు రెండు మాటలు: ఉబుంటు ఒక రకం లినక్స్ సిస్టమ్, గ్రబ్ అంటే ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే దాని మెనూ. సెక్యూర్ బూట్ అంటే నమ్మకం లేని బూట్ ప్రోగ్రాములను లోపలికి రానివ్వని కాపలా, బిట్‌లాకర్ అంటే డిస్క్ మొత్తానికి విండోస్ వేసే తాళం (ఎన్‌క్రిప్షన్). చీపురుపల్లి నుంచి, ఆమదాలవలస నుంచి కూడా ఇదే ప్రశ్న వచ్చింది, అందరూ అలాంటి వీడియోలే చూసినట్టున్నారు. అందులో చెప్పేది పాత కంప్యూటర్ల వైద్యం. అప్పట్లో డిస్క్ మొదటి సెక్టార్‌లో, అంటే 512 బైట్లలో, బూట్ కోడ్ ఉండేది. విండోస్ మళ్లీ వేస్తే దాని మీద తన కోడ్ రాసేసేది, గ్రబ్ నిజంగానే పోయేది. ఇప్పుడు అలా కాదు. యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చింది) ఉన్న లాప్‌టాప్‌లో బూట్ ఫైళ్ల కోసం ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్32 పార్టిషన్, అంటే డిస్క్‌లో విడిగా తీసిన భాగం, ఉంటుంది, విండోస్ బూట్ ఫైల్ ఒక ఫోల్డర్‌లో, ఉబుంటుది ఇంకో ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉంటాయి. ఎవరిని ముందు పిలవాలన్న వరస మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. మీ విషయంలో మారింది చాలామటుకు ఆ వరసే. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే యూఈఎఫ్ఐ సెటప్‌లోకి వెళ్లి, బూట్ ఆర్డర్‌లో ఉబుంటుని పైకి జరిపి, సేవ్ చేసి రండి. గ్రబ్ వచ్చి అందులో విండోస్ పేరు కనపడకపోతే అది వేరే సంగతి: 2021లో వచ్చిన 2.06 వెర్షన్ నుంచి గ్రబ్ పక్క సిస్టమ్‌లను వెతకడం దానంతట అది మానేసింది, ఆ వెతికే పని చేసే ఓఎస్-ప్రోబర్‌ని ఆన్ చేసి, ఉబుంటు టెర్మినల్‌లో అప్‌డేట్-గ్రబ్ కమాండ్ కొడితే సరిపోతుంది.

ఇంతకంటే పెద్ద సమస్య ఒకటుంది, సెక్యూర్ బూట్ ఆఫ్ చేసిన తర్వాత ఏమవుతుందో ఆ వీడియోలు చెప్పవు. బిట్‌లాకర్ గానీ, హోమ్ ఎడిషన్‌లో దాన్నే డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు, అది గానీ ఆన్‌లో ఉంటే, బూట్ అయ్యే దారిలో ముఖ్యమైనది ఏది మారినా, ఆ తాళాన్ని కాచే టీపీఎమ్ చిప్ గమనిస్తుంది. సెక్యూర్ బూట్ తీసేయడం అంటే వీధి తలుపు మార్చడమే. మళ్లీ ఆన్ చేసేసరికి నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నా దగ్గర బిట్‌లాకరే లేదు కదా అనుకోకండి. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా విండోస్ 11 వేసి ఆన్‌లైన్ (మైక్రోసాఫ్ట్) ఖాతాతో సైన్ ఇన్ అయితే, చాలా లాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతట అదే మొదలైపోతుంది. మిమ్మల్ని అడగదు. కీ వెళ్లి ఆ ఖాతాలో కూర్చుంటుంది.

ఆ ఖాతా ఎవరిది? మా అక్క కూతురి విషయంలో జరిగింది ఇదే. కొత్త లాప్‌టాప్ కొన్నప్పుడు షాపు అబ్బాయే "నేను సెటప్ చేసి ఇస్తానమ్మా" అని తన మెయిల్ ఐడీతో సైన్ ఇన్ అయి చేతికిచ్చాడు. ఏడాదిన్నర దాని మీదే చదువుకుంది. ఫైనలియర్ ప్రాజెక్టు ఇవ్వాల్సిన వారం వీడియో చూసి సెక్యూర్ బూట్ తీసేసింది, నీలం తెర వచ్చింది. మళ్లీ ఆన్ చేసి చూడమన్నాను, అప్పటికే కంగారులో సెటప్‌లో ఇంకా ఏమేమి మార్చిందో తనకే గుర్తు లేదు. తన మెయిల్‌లో వెతికితే కీ లేదు. షాపుకెళ్తే ఆ అబ్బాయి మానేశాడన్నారు, ఫోన్ నంబరు మారిపోయింది. కీ లేకుండా ఆ డిస్క్ ఎవరూ తెరవలేరు, తెరిస్తే అసలు ఎన్‌క్రిప్షన్‌కి అర్థమే లేదు. ఫార్మాట్ చేసి ఇచ్చాను. ప్రాజెక్టు రిపోర్టు సగం వాట్సాప్‌లో స్నేహితురాలికి పంపినది దొరికింది, ఫొటోలు పోయాయి. రెండు రోజులు ఆ పిల్ల అన్నం సరిగా తినలేదు.

లాప్‌టాప్‌లు తయారుచేసేవాళ్ల మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇంటికి తాళం వేసేటప్పుడు తాళంచెవి యజమాని చేతిలో పెట్టి వేయాలి. మొదటిరోజే తెర మీద ఆ 48 అంకెలు చూపించి, కాగితం మీద రాసుకున్నారా అని అడిగి, అప్పుడు ముందుకు వెళ్లనివ్వడం ఎంత పని? రంగుల వాల్‌పేపర్లు చూపించడానికి తెరలు ఉంటాయి, దీనికి ఉండదు. షాపులవాళ్లకి కూడా చెబుతున్నాను, కస్టమర్ లాప్‌టాప్‌లో మీ మెయిల్ పెట్టకండి. కస్టమర్ పక్కనే కూర్చుని తన ఐడీతో చేసుకునేదాకా ఆగండి, పది నిమిషాల పని.

కాబట్టి రాజాం తమ్ముడూ, ముందు విండోస్‌లో ఏ ఖాతాతో సైన్ ఇన్ అయి ఉన్నారో చూడండి. అది మీదే అయితే వెబ్‌లో ఆ ఖాతాలోకి వెళ్లి రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. లాప్‌టాప్‌లోనే ఫైల్‌గా దాచుకుంటే అవసరమైన రోజున అదే తాళం వెనక ఉండిపోతుంది. సెటప్‌లో ఏది మార్చాలన్నా ముందు బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి, అంటే కాసేపు ఆపండి, పూర్తిగా ఆఫ్ కాదు. గ్రబ్ మెనూలోంచి విండోస్‌లోకి వెళ్లినప్పుడు కూడా కొన్ని లాప్‌టాప్‌లు కీ అడుగుతాయి. నన్నడిగితే ఎన్‌క్రిప్షన్ ఉన్న లాప్‌టాప్‌కి గ్రబ్ మెనూ మీద పట్టుదల అక్కర్లేదు. ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ, మీ మోడల్‌కి ఏదైతే అది నొక్కితే లాప్‌టాప్ సొంత బూట్ మెనూ వస్తుంది, అందులోంచి ఎంచుకోవడం తేలిక.

సెక్యూర్ బూట్‌ని కాసేపు తీయక తప్పని సందర్భం లేకపోలేదు. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ అలాంటిదే. గ్రబ్‌లోని పాత లోపాన్ని అడ్డుకోవడానికి వచ్చింది, రెండు సిస్టమ్‌లు ఉన్న కంప్యూటర్ల జోలికి వెళ్లకూడదు, కానీ వెళ్లి చాలామంది లినక్స్‌ని ఆపేసింది. షిమ్ ఎస్‌బాట్ అంటూ ఎర్రర్ వచ్చేది. 2025 మే దాకా దానికి పూర్తి పరిష్కారం రాలేదు. అలాంటప్పుడు బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, సెక్యూర్ బూట్ తీసి, లినక్స్‌ని అప్‌డేట్ చేసి, మళ్లీ పెట్టేయాలి. బూట్‌కిట్ అనే రకం వైరస్‌లు విండోస్ లేవకముందే బూట్ దశలోనే దూరతాయి, యాంటీవైరస్ అప్పటికి నిద్రలేచి ఉండదు. అక్కడ కాపలా ఉండాల్సింది సెక్యూర్ బూటే.

విజయనగరం నుంచి ఒకరిది చిన్న ప్రశ్న. ఉబుంటులోంచి విండోస్‌లోకి వస్తే టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి పోతోంది, షాపులో మదర్‌బోర్డు బ్యాటరీ మార్పించినా అంతే అంటున్నారు. బ్యాటరీ బాగానే ఉంది. లినక్స్ లోపలి గడియారంలో గ్రీనిచ్ లెక్కన టైమ్ రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమ్ అనుకుంటుంది. అందుకే పొద్దున్న పదయితే నాలుగున్నర చూపిస్తుంది. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇచ్చి, టైమ్ ఒకసారి సరిచేసుకోండి. ఆన్‌లైన్ పరీక్షలు రాసేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

ఇక నర్సన్నపేట దగ్గర నెట్ సెంటర్ నడిపే ఆయన ప్రశ్న: "ఒకే లాప్‌టాప్‌లో విండోస్ 7, విండోస్ 10, ఉబుంటు మూడూ ఉండాలి. పాత స్కానర్ 7లోనే పనిచేస్తుంది. మెనూ ఎలా పెట్టాలి?" ఉత్తరంలో చెప్పడం కంటే చూస్తే మేలనిపించి వెళ్లాను. మూడూ ఉన్నాయి, మెనూ కూడా వస్తోంది, వరస మార్చాలంతే. ఆ పని అయిదు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత ఉబుంటు తెరిచి, ఫైల్స్‌లో ఎడమ పక్కన కనిపించిన విండోస్ డిస్క్ మీద నొక్కాను. యూజర్స్, ఆయన పేరు, డెస్క్‌టాప్, అందులో "ఆధార్ జిరాక్స్" అని ఫోల్డర్. ఏ పాస్‌వర్డూ అడగలేదు. మొదటి ఫైల్ ఒక ముసలమ్మ పింఛను కాగితం, కింద వేలిముద్ర. తర్వాత ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పేజీలు, పట్టాదారు పాసుపుస్తకాలు, ఎన్నేళ్లవో.

"పాస్‌వర్డ్ ఎట్టినాను కదేటి మాస్టారూ" అన్నారాయన. పెట్టారు, విండోస్‌కి పెట్టారు. ఆ పాస్‌వర్డ్ విండోస్ నడుస్తున్నంతసేపే కాపలా. పక్క సిస్టమ్‌లోంచి వచ్చేవాడికి, పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టుకుని వచ్చేవాడికి అది అడ్డే కాదు. పైగా విండోస్ 7కి 2020 జనవరి 14తోనే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, సెక్యూర్ బూట్ దానికి తెలియదు కాబట్టి అదీ ఆఫ్‌లో ఉంది. అందులో నెట్ తెరిచి ఏ వైరస్ ఎక్కినా పక్కనున్న 10 పార్టిషన్‌లో ఫైళ్లన్నీ దాని చేతిలోవే. ఇవి ఆయన ఫైళ్లు కూడా కావు. నమ్మి కాగితాలు ఇచ్చిన ఊరివాళ్లవి.

ఆయనకి చెప్పింది మీకూ చెబుతున్నాను. విండోస్ 7ని డిస్క్ మీద ఉంచకండి, ఉబుంటులో వర్చువల్ మెషిన్‌గా, అంటే ఒక సిస్టమ్ లోపల ప్రోగ్రాములా నడిచే ఇంకో సిస్టమ్‌గా, నెట్ కనెక్షన్ లేకుండా నడపండి. యూఎస్‌బీ స్కానర్‌ని దానికి కలపవచ్చు, మేము కలిపి చూశాం, పనిచేసింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, కాబట్టి రోజూ చేసే పని ఉబుంటులోనే పెట్టుకోండి, అది వేసేటప్పుడే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకోండి. పార్టిషన్లు కదిపే ముందు వేరే డిస్క్‌లోకి బ్యాకప్ తీసి, ఛార్జింగ్ నిండుగా పెట్టుకోండి, గాలీవానా రోజు అసలు ముట్టుకోకండి, తిత్లీ తుఫాను చూసినవాళ్లం, కరెంటు సంగతి మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కస్టమర్ ఫైళ్లు ప్రింట్ అయిన సాయంత్రమే చెరిపేయండి. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ కాపీ వస్తుంది, ఎక్కడ అది సరిపోతుందో అక్కడ అదే తీయండి.

ఆ ఫోల్డర్ ఆయన నా ముందే తీసేశారు. ఇంట్లో ఇంకో పాత లాప్‌టాప్ ఉందని, అందులోనూ ఇలాంటివే ఉండొచ్చని, వచ్చే వారం ఎవరికో అమ్ముతున్నానని వెళ్లేటప్పుడు అన్నారు. డిస్క్ విప్పి మీ దగ్గరే పెట్టుకుని, మిగతాది అమ్మమన్నాను.