అజ్టెక్ శిల్పంలో చెవి నుంచి కారే రక్తానికి అర్థమేమిటి?

ఒకప్పుడు మధ్య మెక్సికోను ఏలిన అజ్టెక్ రాజులు తమ చెవులు పొడుచుకుంటున్న శిల్పం ఏదో శిక్షను చూపుతోందా అని చూసేవారికి అనుమానం రావచ్చు. కాదు, అది మొక్కు. మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో ఉన్న ఫలకాన్నే చూడండి. తిసోక్, అవిత్సోత్ల్ అనే ఇద్దరు రాజులు ఎదురెదురుగా నిలబడి ఎముక సూదితో చెవి గుచ్చుకుంటున్నారు. మధ్యలో కనిపించే గుండ్రని వస్తువు గడ్డితో అల్లిన ఉండ. నెత్తురు అంటిన సూదులను, ముళ్లను దానికే గుచ్చుతారు. రక్తం ధారగా దిగి, నోరు తెరిచిన భూమిలోకి పోతోంది. దేవతలు తమ రక్తం ధారపోసి మనుషులను పుట్టించారని అజ్టెక్‌ల నమ్మకం. ఆ బాకీకే ఈ చెల్లింపు.

కింద పెద్దగా చెక్కిన ‘8 రెల్లు’ అజ్టెక్ పంచాంగంలో ఒక సంవత్సరం పేరు. అంటే 1487, అజ్టెక్ రాజధానిలోని ప్రధాన ఆలయ ప్రతిష్ఠ జరిగిన సంవత్సరం. తమాషా ఏమిటంటే, అప్పటికే తిసోక్ చనిపోయాడు! ఆలయ విస్తరణను పూర్తిచేసిన అవిత్సోత్ల్ పక్కన, తనకు ముందు ఏలిన సోదరుడికీ చోటిచ్చారు.