జీతమూ బ్యాటరీల మీదే, పొదుపూ బ్యాటరీల మీదేనా?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 43. బ్యాటరీల కర్మాగారంలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. స్థలం అమ్మితే 14 లక్షలు వచ్చాయి. డేటా సెంటర్ల వల్ల ఇండస్ట్రియల్ లెడ్-యాసిడ్ (సీసం) బ్యాటరీలకు ప్రపంచమంతా గిరాకీ పెరుగుతుందని ఒక నివేదికలో చదివాను. మొత్తం బ్యాటరీ కంపెనీల షేర్లలో పెట్టనా? అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం.

జవాబు: మొత్తం మాత్రం వద్దండి. గిరాకీ మాట నిజమే. సబ్‌స్టేషన్లు, ఆస్పత్రులు, బ్యాంకుల యూపీఎస్ గదులు ఇప్పటికీ ఎక్కువగా సీసం బ్యాటరీల మీదే నడుస్తున్నాయి. ధర తక్కువ, పాతది తుక్కుకిస్తే డబ్బొస్తుంది, ఆ సీసమే కరిగి మళ్లీ బ్యాటరీ ప్లేటవుతుంది. కానీ సరుకు అమ్ముడుపోయినంత మాత్రాన షేరుదారుకి లాభం రాదు. సీసం ధర లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో డాలర్లలో తేలుతుంది. అక్కడ ధర పెరిగి ఇక్కడ రూపాయి పడిందంటే కంపెనీకి రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి.

సెల్ టవర్ దగ్గర గది తలుపు తీస్తే 2 వోల్టుల సీసం సెల్స్ 24 వరసగా కనపడేవి, అన్నీ కలిస్తే 48 వోల్టులు. ఒక్కో సెల్ ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఇప్పుడు చాలాచోట్ల అక్కడ ఒక లిథియం ర్యాక్ ఉంటోంది. మీరు ఆశ పెట్టుకున్న డేటా సెంటర్లూ లిథియం వైపే మళ్లుతున్నాయి. కంపెనీలకు ఇది తెలుసు. అమరరాజా 2023లో పేరులోంచి బ్యాటరీస్ తీసేసి ఎనర్జీ అండ్ మొబిలిటీ అని పెట్టుకుంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ప్లాంటుకి పదేళ్లలో 9,500 కోట్లు పెడతామని అంతకుముందే ప్రకటించింది. ఎక్సైడ్ బెంగళూరులో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి దిగింది. అంటే సీసం మీద నమ్మకంతో మీరు కొనే షేరులో కొంత లిథియం మీద పందెమే.

నన్ను భయపెట్టేది ఇంకోటి. మీ జీతం, దాంతో నెలనెలా పడే పీఎఫ్ ఇప్పటికే ఈ పరిశ్రమ మీదున్నాయి. నా దగ్గరికొచ్చిన ఒక దంపతులది ఒకే కంపెనీ, పొదుపంతా ఆ కంపెనీ షేర్లే. జీతాలు ఆగిన నెలలోనే షేరూ సగానికి పడింది. పిల్లాడి ఫీజుకి ఆవిడ గాజులు తాకట్టుకి వెళ్లాయి. మీ ఇంట్లో ఆ రోజు రాకూడదు.

అమ్మాయి ఇంజనీరింగ్‌కి 5 లక్షలు, ఏటా ఒకటి చేతికందేలా ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా విడగొట్టండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకి 3 లక్షలు అదే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో. 5 లక్షలు నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో (దేశంలోని 50 పెద్ద కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే ఫండ్), పది నెలల్లో నెలకి 50 వేల చొప్పున. మిగిలిన లక్షతో బ్యాటరీ షేర్లు కొనుక్కోండి, మీ కంపెనీవి తప్ప.

ఇదంతా పన్ను పోగా మిగిలినదాని మీద లెక్క. స్థలం 2024 జూలై 23కి ముందు కొన్నదై, రెండేళ్లకు పైగా మీ దగ్గరుంటే లాభం మీద 12.5 శాతం, లేదా ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి లెక్కిస్తే) 20 శాతం, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. పన్ను ఎంత తేలితే అంత ఇండెక్స్ ఫండ్ వాటాలోంచి తగ్గించండి, ఫీజు డబ్బు ముట్టుకోవద్దు. కొన్న దస్తావేజు, అమ్మిన దస్తావేజు రెండూ తీసుకుని ఈ వారమే ఆడిటర్‌ని కలవండి.