అవతలి కంప్యూటర్‌కు చేరే మీటలు

చిరంజీవి మేనకోడలికి, కడప నుంచి అత్త ఆశీర్వదించి రాయునది.

అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర గది దొరికిందని, సోమవారం నుంచి ఆఫీసు కంప్యూటర్‌ను బ్రౌజర్‌లోనే తెరిచి పద్దులు రాయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. ఆరేళ్లుగా నేను చేస్తున్నదీ అదే. ఏ బ్రౌజర్ వేగంగా ఉంటుందని అడిగావట. అది పక్కన పెట్టమ్మా. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మధ్య వేగంలో నా కంటికి ఆనేంత తేడా ఏనాడూ కనబడలేదు. నువ్వు నొక్కిన మీట అవతలున్న ఆఫీసు కంప్యూటర్‌కు చేరుతుందా, బ్రౌజరే మధ్యలో అందుకుంటుందా అన్నది చూసుకోవాలి.

మొదట్లో నేను ఫైర్‌ఫాక్స్‌లోనే పని చేసేదాన్ని. సొంత పనులకు ఇప్పటికీ అదే నాకు ఇష్టం. ఒక మార్చి నెలాఖరు రాత్రి, అవతల తెరిచిన ఫైలును మూద్దామని కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కాను. ఫైలు అలాగే ఉంది, ట్యాబే మూసుకుపోయింది. నలభై వోచర్లు పోయాయనుకుని చేతులు చల్లబడ్డాయి. మళ్లీ లాగిన్ అయితే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పని జరిగేది అవతల, మన దగ్గరికి వచ్చేది దాని బొమ్మే. అయితే ట్యాబ్ మూసుకుపోయాక ఆ తెరిచిన పనిని ఎంతసేపు అట్టే ఉంచాలన్నది ఆఫీసువాళ్లు పెట్టిన గడువు. అది దాటితే సేవ్ చేయనిదంతా పోతుంది. పది నిమిషాలకోసారి సేవ్ చెయ్యి.

మీటలను బ్రౌజరే మధ్యలో అందుకోకుండా ఉండాలంటే ఆఫీసు పనికి క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ పెట్టుకో. 2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం పునాది మీదే నడుస్తోంది, కాబట్టి ఏదైనా ఒకటే. వీటిలో నిండు తెర మీద మీటలన్నీ అవతలికి పంపే ఏర్పాటు ఉంది. ఇక్కడే చాలామంది పొరపడతారు: ఎఫ్11 నొక్కితే తెర నిండుతుంది గానీ ఆ ఏర్పాటు పనిచేయదు. పేజీలో కనబడే ఫుల్‌స్క్రీన్ బొత్తామే నొక్కాలి. బయటికి రావాలంటే ఎస్కేప్ మీటను రెండు సెకన్లు అదిమి పట్టుకో. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మాత్రం ఎప్పుడూ నీ లాప్‌టాప్‌కే చెందుతుంది.

కాపీ, పేస్ట్‌కు క్రోమ్ మొదటిసారి అనుమతి అడుగుతుంది. కంగారుపడి వద్దనకు. ఎడ్జ్‌లో ఖాళీగా ఉన్న ట్యాబ్‌ను నిద్రపుచ్చే అలవాటుంది, ఆఫీసు పేజీని దాని నుంచి మినహాయించు.

నాన్న పాత లాప్‌టాప్‌లో ఇంకా విండోస్ 7 ఉంటే దాంతో పని మొదలుపెట్టకు. 2023లో వచ్చిన 109వ వెర్షన్ తర్వాత క్రోమ్, ఎడ్జ్ రెండూ దానికి రావడం మానేశాయి. ఇంటివాళ్లు ఒప్పుకుంటే రూటర్ నుంచి వైరు లాగించుకో. వైఫై తడబడితే మౌస్ కదిలిన అరక్షణానికి బాణం కదులుతుంది. సాయంత్రానికి తల పగిలిపోతుంది, నాకు తెలుసు.

ఆదివారమే లాగిన్ అయి, నిండు తెర పెట్టి, ఆల్ట్, ట్యాబ్ కలిపి నొక్కి చూడు. అవతలి కిటికీలు మారితే సరే. నీ లాప్‌టాప్‌లోవి మారితే వెంటనే ఫోను చెయ్యి, ఆ రోజు నేను ఇంట్లోనే ఉంటాను.

మీ అత్త