మిస్సింగ్ కొట్టే పికప్ బండి: జాబ్ కార్డులో ఏం రాయించారు?

ప్రశ్న: మాది గాజువాక. 14 నెలల కిందట విజయవాడ షోరూంలో రూ.9 లక్షలకు డీజిల్ పికప్ కొన్నాను. మూడేళ్ల వారంటీ ఉంది. బండి నేనే నడుపుకుంటాను. కిరాణా సరుకుతో పాడేరు ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ మిస్సింగ్ కొడుతోంది, కాసేపటికి దానంతటదే సర్దుకుంటోంది. ఆరు నెలల్లో నాలుగుసార్లు ఇక్కడి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. మూడుసార్లు ‘లోపమేమీ కనిపించలేదు’ అన్నారు. ఇప్పుడేమో డీజిల్‌లో నీళ్లున్నాయి, వారంటీ వర్తించదు, ఇంజెక్టర్లకు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగాలు) డబ్బు కట్టమంటున్నారు. కిరాయి బండికి వినియోగదారుల కోర్టు ఉండదని కూడా చెప్పారు. నిజమేనా?

జవాబు: ఆ చివరి మాట నమ్మకండి. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారన్నది నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్నవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణ మినహాయింపు ఇచ్చింది. ఒకరిద్దరి సాయం తీసుకున్నా ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లోనే లక్ష్మీ ఇంజినీరింగ్ కేసులో చెప్పింది. ‘ఈ బండే నా జీవనాధారం, నేనే నడుపుతాను’ అన్న వాక్యం ఫిర్యాదులోనూ, అఫిడవిట్‌లోనూ తప్పక ఉండాలి.

అసలు చిక్కు రుజువు దగ్గర వస్తుంది. వచ్చిపోయే లోపం షెడ్డులో దొరకదు. పాత జాబ్ కార్డులు, అంటే బండి ఇచ్చేటప్పుడు సర్వీస్ సెంటర్ మీ ఫిర్యాదు రాసుకునే కాగితాలు, తీసి చూడండి. ‘జనరల్ చెకప్’ అని రాసి ఉంటే అవి మీకు పెద్దగా పనికిరావు. ఇకపై ‘లోడుతో, మూడో గేరులో, 2000 ఆర్‌పీఎం దగ్గర, ట్యాంకు పావు వంతు ఉండగా మిస్సింగ్’ అని మీ మాటల్లోనే రాయించి, కాపీ తీసుకున్నాకే తాళం ఇవ్వండి. ట్యాంకు సంగతి చిన్నది కాదు. డీజిల్ తక్కువున్నప్పుడు ఎత్తులో పైపు గాలి పీల్చినా ఇలాగే కొడుతుంది.

స్కానర్ పెట్టగానే బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చెరపనివ్వకండి. వాటితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లోపం వచ్చిన క్షణంలోని ఆర్‌పీఎం, వేగం, ఇంజిన్ వేడి వంటివి అందులోనే ఉంటాయి. ముందు ప్రింటు తీసుకోండి. తర్వాత స్కానర్ రికార్డింగులో పెట్టి, మెకానిక్‌తో కలిసి ఘాట్ రోడ్డులో నడిపి చూపాలని లిఖితంగా కోరండి. మిస్సింగ్ కొట్టినప్పుడు బండి కంప్యూటర్ కోరిన రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి) కంటే అసలు ప్రెషర్ పడిపోతే ఫిల్టరు, గాలి లీకు, పంపు వాల్వు, ఇంజెక్టర్ రిటర్న్ (ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్) చూడాలి. ప్రెషర్ నిలకడగా ఉండి ఆర్‌పీఎం సిగ్నల్ తెగిపోతే ఇంజిన్ తిరిగే వేగాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్‌నో, దాని వైరునో అనుమానించాలి. అలాంటప్పుడు ఇంజెక్టర్ల బిల్లుకు అర్థం లేదు.

నీళ్లున్నాయన్నవారే దాన్ని చూపించాలి. ఫిల్టరు అడుగు నుంచి మీ ఎదుటే వంపించి, రెండు సీసాల్లో సీలు వేయించి, ఇద్దరి సంతకాలతో ఒకటి మీరు ఉంచుకోండి. డీజిల్ బిల్లులు దాచండి. డీజిల్‌లో నీళ్లున్నాయని హెచ్చరించే వాటర్ లైటు వెలిగినా పట్టించుకోకుండా నడిపి ఉంటే మాత్రం మీ కేసు బలహీనపడుతుంది. ఆటోనగర్‌లో స్కాన్ చేయించుకోవచ్చు. కానీ ఇంజెక్టర్లు విప్పించడం, వైర్లు కోయించడం వద్దు. వారంటీ కాదనడానికి వాళ్లకు అదే సాకవుతుంది.

డీలరు, సర్వీస్ సెంటరు, తయారీ కంపెనీ ముగ్గురికీ స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. స్పందన లేకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కొన్నది విజయవాడలోనైనా మీరుండే చోట వేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన ధర రూ.5 లక్షలు దాటి 10 లక్షల లోపు ఉంటే రుసుము రూ.200. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. సెక్షన్ 38(2)(సి) కింద నిపుణుల పరీక్ష కోరండి. ఆ ఖర్చు ముందు మీరే డిపాజిట్ చేయాల్సి రావచ్చు.

కొత్త బండి ఇప్పించాలనే ఒక్క కోరికతో వెళ్లకండి. వారంటీ అంటే లోపమున్న భాగాన్ని మార్చడమే తప్ప బండి మార్చడం కాదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉచితంగా బాగుచేయడం, నిలిచిపోయిన ట్రిప్పులకు పరిహారం ముందు అడగండి. అవి కుదరకపోతే ధర వాపసు అని ప్రత్యామ్నాయంగా రాయండి. పోయిన ట్రిప్పులకు సరుకు చీటీలు జతచేయండి. గడువు రెండేళ్లు. దాన్ని మొదటి జాబ్ కార్డు తేదీ నుంచే లెక్కేసుకోండి.