పాత హెరిటేజ్ బిల్డింగ్‌లో నడుస్తున్న కాలేజీని క్లాసులు ఆపకుండా బాగుచేయించడం కుదురుతుందా?

కుదురుతుంది. కాకపోతే "వేసవి సెలవుల్లో కానిచ్చేద్దాం" అనేవాళ్లను ముందు కమిటీలోంచి తీసేయండి.

నేను హైదరాబాద్‌లో నిజాం కాలం నాటి ఒక కాలేజీ బిల్డింగ్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పాను. పేరు వద్దు, అక్కడ పనిచేసినవాళ్లు చదివితే ఎలాగూ పట్టేస్తారు. హెరిటేజ్ లిస్టులో ఉన్నదే. 1995లో హుడా (అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) రూల్స్‌లో 13వ నిబంధన చేర్చారు, దాని కిందే ఆ లిస్టు వచ్చింది, 2015లో ఆ నిబంధననే ఎత్తేశారు, 2017లో కొత్త చట్టం వచ్చింది. మా వరండా కప్పు మాత్రం వీటిలో దేనికోసమూ ఆగకుండా కారుతూనే ఉంది.

వేసవి సంగతికి వస్తాను. ఫండ్స్ మార్చి ఆఖర్లో రిలీజవుతాయి. టెండరు, కమిటీ, సంతకాలు అయ్యేసరికి జూన్. ఒకవేళ మేలోనే మొదలుపెట్టారనుకోండి, పాత గోడకు వేసేది సున్నం. ఆ ఎండకు పైపైన ఆరిపోయి సన్నగా బీటలిస్తుంది. తడి గోనెసంచులు కప్పి రోజుకు నాలుగుసార్లు నీళ్లు కొట్టాలి. ఆ నీళ్లు మాకు వేసవిలో ట్యాంకర్‌లో వచ్చేవి. సున్నానికి సెలవులు కాదు, ఓపిక కావాలి.

మా దగ్గర పని మొదలైంది నవంబర్‌లో, సరిగ్గా సెమిస్టర్ పరీక్షల ముందు. అప్పుడు ఎగ్జామ్ బ్రాంచ్ ఇన్‌చార్జ్‌ని నేనే. మూడో సెమిస్టర్ మ్యాథ్స్ పేపర్ రోజు, పది దాటి ఐదు నిమిషాలైందో లేదో, పక్క గోడ అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. మామూలు చప్పుడు కాదు, బెంచీ మీద పెన్ను దానంతటదే దొర్లుతోంది. వెంటిలేటర్ లోంచి ఎర్రటి ఇటుక దుమ్ము దిగి, ముందు వరస పిల్లల ఆన్సర్ షీట్ల మీద పడింది. ఒకమ్మాయి రాయడం మానేసి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ కూర్చుంది.

పరుగెత్తాను. సూపర్‌వైజర్ ఫోన్ చెవిదగ్గర్నుంచి దించకుండానే, "పని ఆపితే ఈరోజు కూలి మీరిస్తారా సార్?" అన్నాడు. పరంజా మీద పాలమూరు నుంచి వచ్చిన ముసలి మేస్త్రీ ఉన్నాడు. ఆయన మెల్లగా దిగొచ్చి, "ఎన్ని గంటలు సార్ పరీక్ష?" అని అడిగాడు. మూడు గంటలన్నాను. "గంతేనా? సిమెంటైతే కలిపినంక ఆగది. సున్నం ఆగుతది. తడి గోనె కప్పి పెడ్త, రేపటికి ఇంక మంచిగైతది" అన్నాడు. ఉలి, సుత్తి కింద పెట్టించి, అందర్నీ కెమిస్ట్రీ ల్యాబ్ వెనక తొట్టి దగ్గరికి పంపించాడు. అక్కడ డంగు సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్లు కలుపుతున్నారు. చప్పుడు లేని పని. ఆ పులిసిన వాసనకు ఈగలు ముసిరేవి, పిల్లలేమో క్యాంటీన్‌లో కొత్త ఐటం చేస్తున్నారనుకున్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని, పరీక్షల టైంటేబుల్ వెనకే పని టైంటేబుల్ రాసుకున్నాం. పది నుంచి ఒంటిగంట దాకా కలపడం, జల్లెడ పట్టడం, మోయడం. రెండు తర్వాత కొట్టడం. అది పరంజాకే కట్టాం. మిగతా నెలంతా నా దగ్గరికి ఒక్క కంప్లైంట్ రాలేదు. మూడు మీటింగుల్లో తేలనిది ఒక అట్టముక్కతో తేలింది.

ఇంతకీ ఆ చప్పుడు దేనిదనుకున్నారు? సున్నం పనిది కాదు. పాత గోడకు అంటించిన సిమెంట్ ప్లాస్టర్‌ను ఊడగొడుతున్న చప్పుడు. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుని బయటికి వదిలేస్తుంది. పైన సిమెంట్ పూస్తే ఆ చెమ్మకు దారి లేక లోపలే ఉండి ఇటుకను తినేస్తుంది. మోకాలెత్తున తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులు రాలేవి. రాలినప్పుడల్లా మేం మళ్లీ సిమెంటే పూయించాం. అందులో ఒక ఎస్టిమేట్ మీద సంతకం నాదే. "ఎవడు పూయించిండో గాని, గోడను సంపిండు" అని మేస్త్రీ అంటుంటే వేరే వైపు చూశాను.

ఒక్క సిమెంటేనా! హెచ్‌ఓడీ మారినప్పుడల్లా ఒక ప్లైవుడ్ పార్టిషన్. ఏసీ కోసం ఆర్చీలో రంధ్రం. ఫాల్స్ సీలింగ్ విప్పితే పైన టేకు దూలాలు, వాటి మీద జానెడు మందాన పావురాల రెట్ట. దాని కిందే కూర్చుని ఇన్నేళ్లూ టీ తాగాం. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాది వేసి 1939లో ప్రారంభించారు. అంత గ్రానైట్ కట్టడం ఐదేళ్లలో లేచింది. మా వరండాలకే నాలుగేళ్లు పట్టింది.

కోఠీ రెసిడెన్సీతో పోల్చకండి. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ భవనంలోకి 1949లో మహిళా కాలేజీ వచ్చింది. దాన్ని బాగుచేయడానికీ ఏళ్లు పట్టింది, కానీ అక్కడ క్లాసులకు వేరే బ్లాకులున్నాయి. ఉన్నది ఒక్కటే బిల్డింగైతే గదులు మార్చుకోవడమే గతి. రెండు గదులు ఖాళీ చేయడం, అవి అయ్యాక పక్క రెండింటివాళ్లు అందులోకి రావడం. ఆ గదులు ఏవో టైంటేబుల్ వేసే లెక్చరర్‌ను, మేస్త్రీని ఒకచోట కూర్చోబెట్టి తేల్చండి. తాళాలు ఎవరి దగ్గరున్నాయో అటెండర్‌ను అడగండి, ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

ప్రిన్సిపాల్ చాంబర్ ఎప్పుడు ఖాళీ చేస్తారో కూడా మొదటి రోజే రాయించుకోండి. మా దగ్గర అది ఆఖరిదాకా ఖాళీ కాలేదు. బిల్డింగ్ మొత్తంలో ఆ ఒక్క గదికి ఇప్పటికీ సిమెంటే.